టీకాల రిజిస్టరులో తాతయ్య

పెళ్ళి ఇంకా పన్నెండు రోజులుందనగా, ఒక మంగళవారం పొద్దున గీతలాయన, భార్య రాసిచ్చిన పనుల జాబితాను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఆ జాబితాలో లేని పని మీద బయల్దేరాడు.

ఆయన సర్వే ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు మ్యాపులు గీసి రిటైరైనవాడు. గీతలాయన అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. రిటైరయ్యాక కూడా ఆ పేరు ఆయన్ని వదల్లేదు, ఆయనా గీతల్ని వదల్లేదు. ఒక్కగానొక్క కూతురు, పశువుల డాక్టరు, తనకు నచ్చిన అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చి చూపించిన నాటి నుంచి ఆయన భోజనాల బల్లను ఆక్రమించి, ఆరడుగుల ట్రేసింగు కాగితం మీద వంశవృక్షం గీస్తున్నాడు. దాన్ని పెళ్ళి హాలు గుమ్మంలో వేలాడదీయాలని ఆశ. మూడు నెలలుగా ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

చెట్టుకు కొమ్మలన్నీ నిండాయి. ప్రతి గడిలోనూ ఒక పేరు, పేరు కింద ఆ మనిషి గురించి ఒక ముక్క. ఒక పెద్దమ్మ కింద "రెండుసార్లు ఏట్లో పడి రెండుసార్లూ తనే ఈదుకొచ్చింది" అని, ఒక మేనమామ కింద "నిద్రలో కూడా ఈల వేసేవాడు" అని. అడుగున, చెట్టు మొదట్లో ఉన్న గడి మాత్రం బోసిగా ఉంది. అది తాతయ్యది. తాతయ్య పోయేనాటికి గీతలాయనకు రెండేళ్ళు. బంధువుల్లో ఎవరిని అడిగినా ఒకటే మాట: "మంచివాడు, ఎవరి జోలికీ పోయేవాడు కాదు." మంచివాడైతే సంతోషమే గానీ, అంతమాత్రంతో గడి నిండదు. సొంత తాత గురించి ఒక్క ముక్కయినా తెలియకుండా అరవై ఏళ్ళు బతికేశానే అన్న బాధ ఆయనకు నిజంగానే ఉంది.

"గంటలో వచ్చేస్తాను," అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"హాలు వాళ్ళకి కుర్చీలెన్నో చెప్పి రండి," అంది భార్య. ఆవిడ పెద్దాసుపత్రిలో ప్రసూతి వార్డుకు హెడ్ నర్సు. ఆ వారమంతా రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే ఇల్లు చేరుతోంది.

"దార్లోనేగా, చెప్తాను."

హాలు ఊరికి తూర్పున ఉంది. ఆయన పడమటి బస్సెక్కాడు.

చుట్టుపక్కల పల్లెలన్నిటి పాత కాగితాలకూ కలిపి ఒకటే ఆఫీసు, రెండు గంటల ప్రయాణం. ఆఫీసంటే ఒక పొడుగాటి గది, గది నిండా బీరువాలు, బీరువాల మధ్య ఒక గుమస్తా. పరాయి కాగితాన్ని చదవడం పరాయి ఉత్తరం విప్పడంతో సమానమని నమ్మే నియమస్థుడు. గీతలాయన తాతయ్య పేరు, పల్లె పేరు, సుమారు ఏ సంవత్సరమో చెప్పి, పుట్టిన వివరాలు కావాలన్నాడు. గుమస్తా పెదవి విరిచాడు.

"ఆ పల్లెలో పుట్టుకలు అప్పటికింకా మొదలవలేదు సార్."

"మొదలవకపోవడమేమిటండీ? మా తాత పుట్టాడుగా."

"పుట్టే ఉంటాడు సార్, కాదనను. రాయలేదు. రాయకపోతే మా లెక్కలో పుట్టనట్టే."

గీతలాయన మొహం చూసి జాలేసిందో ఏమో, గుమస్తా కాస్త తల గోక్కుని, ఆ పల్లెది టీకాల రిజిస్టరు ఒకటుందన్నాడు. మశూచికం రోజుల్లో పిల్లలకు టీకాలు వేస్తూ రాసుకున్న పుస్తకమట. దాన్ని తెచ్చి తన వైపుకు తిప్పి తెరిచి, పేజీ మీద ఒక గోధుమరంగు అట్ట కప్పాడు. అట్టకు మధ్యలో ఒక్క వరుస మాత్రమే కనబడేలా సన్నటి కంత ఉంది.

"పక్కవాళ్ళ వివరాలు మీరు చూడకూడదు," అన్నాడు. "నేనూ చూడను. పాతికేళ్ళ సర్వీసులో ఒక్క వరుస కూడా ఎక్కువ చదవలేదు."

నకలు రాసిచ్చే ఫారంలో నాలుగే గడులు: పేరు, వయసు, ఇంటి నంబరు, ఇంటి యజమాని. గుమస్తా కంతలోంచి చూస్తూ ఒక్కొక్కటే ఎక్కించాడు. వరుస పదహారు. తాతయ్య పేరు. వయసు ఆరేళ్ళు. ఇల్లు ఏడు. గీతలాయన ఆ "ఆరేళ్ళు" దగ్గర ఆగిపోయాడు. తాతయ్యకు కూడా ఒకప్పుడు ఆరేళ్ళుండేవన్న సంగతి ఆయనకు ఇన్నాళ్ళూ తట్టనే లేదు. కళ్ళు చెమర్చాయి.

ఆ ఆనందంలోనే ఆయనకు ఇంకో ఆలోచన పుట్టింది. కాబోయే వియ్యంకుడి పూర్వీకులదీ అదే పల్లె. ఆ సంగతి తెలిశాకే రెండిళ్ళూ తొందరగా దగ్గరయ్యాయి. వియ్యంకుడి తండ్రి నకలు కూడా తీసుకెళ్ళి చేతిలో పెడితే ఎంత మురిసిపోతాడో కదా అనుకుని, ఆ పేరూ చెప్పాడు. గుమస్తా సూచిక చూసి, అట్టను అర అంగుళం కిందికి జరిపాడు. వరుస పదిహేడు. రెండో కాగితం కూడా రాసి ముద్ర వేసిచ్చాడు. గీతలాయన రెండూ కలిపి జేబులో పెట్టుకుని, చూడకుండానే పల్లె వైపు నడిచాడు. తాతయ్య ఇల్లు చూడాలన్న ఆత్రం అలాంటిది.

ఏడో నంబరు ఇల్లు చూపించడానికి పల్లెలో ఎవరూ మొహమాటపడలేదు. మట్టిగోడల ఇల్లు, రెండే గదులు, ముందు మాత్రం వీధి పొడుగునా పెద్ద అరుగు. గీతలాయన ఎప్పుడూ వెంట ఉండే టేపు తీసి అరుగు కొలిచాడు, గదులు కొలిచాడు, పెరడు కూడా కొలిచాడు. వంశవృక్షం అడుగున ఇంటి ప్లాను గీస్తే ఎంత నిండుగా ఉంటుందోనని సంబరపడ్డాడు. వెనక గదిలో అద్దెకుంటున్న ముసలావిడ బయటికొచ్చింది.

"ఎవరిల్లు కొలుస్తున్నావు బాబూ?"

"మా తాతగారి ఇల్లమ్మా," అన్నాడు గర్వంగా.

ఆవిడ లోపలికెళ్ళి ఫోను తీసింది.

తిరుగు బస్సులో సీటు దొరికాక, ఆయన కాగితాలు రెండూ తొడ మీద పక్కపక్కన పరిచి చదివాడు. తాతయ్య, ఆరేళ్ళు, ఇల్లు ఏడు, యజమాని ఫలానా. వియ్యంకుడి తండ్రి, అయిదేళ్ళు, ఇల్లు ఏడు, యజమాని అదే ఫలానా. మళ్ళీ చదివాడు. ఒకే ఇల్లు, ఒకే యజమాని, ఏడాది తేడా. ఇంతకన్నా అన్నదమ్ములు ఎలా ఉంటారు? మరి ఇంటిపేర్లు వేరేమిటంటారా, దత్తత పోయి ఉంటాడు తాతయ్య. అందుకే ఆయన గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అందుకే ఎవరి జోలికీ పోయేవాడు కాదు. అన్నీ కుదిరిపోయాయి. ఇన్ని కుదిరినా ఒక్కటి మాత్రం కుదరకుండా పోయింది, అది కూతురి పెళ్ళి.

ఆయన టిక్కెట్టు వెనక వరసలు వేసుకున్నాడు. తాతయ్యా, వియ్యంకుడి తండ్రీ అన్నదమ్ములైతే, వియ్యంకుడు తన తండ్రికి తమ్ముడు. అంటే తనకన్నా రెండేళ్ళు చిన్నవాడైన వియ్యంకుడు తనకు బాబాయి. వియ్యంకుడి కొడుకు తనకు తమ్ముడు. అంటే పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి బాబాయి. ఎటునుంచి లెక్కేసినా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి బాబాయి అయి తేలుతున్నారు. ఇల్లు చేరేసరికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంట్లో పెళ్ళికొడుకే కూర్చుని ఉన్నాడు, శుభలేఖల కట్ట ఇవ్వడానికి వచ్చి. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, నెమ్మదైన పిల్లాడు. లేచి నిలబడి, "ఎండలో తిరిగొచ్చారు మామయ్యగారూ," అన్నాడు.

"పర్లేదులే తమ్ముడూ," అన్నాడు గీతలాయన.

కుర్రవాడు ఒక క్షణం ఆలోచించి, ఎండదెబ్బే అని తేల్చుకుని, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అంత మంచి పిల్లాణ్ణి చూస్తుంటే గీతలాయనకు దుఃఖం ముంచుకొచ్చింది. భార్యకు చెబుదామంటే ఆవిడ డ్యూటీకి తయారవుతోంది. కూతురికి చెప్పడానికి నోరు రాలేదు. చివరికి పెరట్లోకి వెళ్ళి అక్కయ్యకు ఫోన్ చేశాడు.

ఆ అక్కయ్యను కుటుంబంలో పిల్లలందరూ వరసలత్తయ్య అంటారు. ఏ ఇద్దరు మనుషుల్ని చూపించినా, ఒకరికొకరు ఏమవుతారో రెండు నిమిషాల్లో చెప్పగలదు. వాళ్ళు ఏమీ కాకపోయినా చెప్పగలదు.

"ఒరేయ్, ఆ అబ్బాయి నీకు తమ్ముడు," అని తీర్పిచ్చింది అంతా విని. "పిల్లకి బాబాయి. ఇందులో తిరుగులేదు."

"దత్తత పోయాడు కదక్కయ్యా."

"దత్తత పోతే ఇల్లు మారుతుందిరా, రక్తం మారుతుందా?"

"సరే, ఎవరికీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను?"

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. ఎవరికీ చెప్పలేదు, అడిగింది. "ఒక పిల్లకి బాబాయి వరసవాడితో పెళ్ళి కుదిరిందనుకో, ఏం చెయ్యాలంటావు?" అని సాయంత్రంలోగా పదకొండుమందిని అడిగింది. పదకొండుమందికీ ఆ పిల్ల ఎవరో ఇట్టే అర్థమైంది. అందులో ఆ పల్లెతో పాత సంబంధాలున్న నలుగురైదుగురికి కొత్త అనుమానం పట్టుకుంది: మన సంగతేమిటి? మర్నాడు పొద్దున్నే వాళ్ళు పడమటి బస్సెక్కారు.

అదే రోజు మధ్యాహ్నం పూట, వియ్యంకుడు ఒక్కడే వచ్చాడు. ఫొటో స్టూడియో నడుపుతాడాయన. ఎప్పుడొచ్చినా నవ్వుతూ, ఎదుటివాళ్ళను గడ్డం కాస్త పైకెత్తమని నవ్విస్తూ ఉండే మనిషి. ఆ రోజు నవ్వలేదు.

"బావగారూ, పల్లెలో మా ఇల్లు కొలిచారట," అన్నాడు కాఫీ కప్పు ముట్టుకోకుండా.

గీతలాయన ఎంత ఆపుకుందామన్నా ఆగలేకపోయాడు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బాబాయి ఎదుట కూర్చోవడానికి మనసొప్పలేదు.

"కొలిచానండీ. ఇక దాచడం ఎందుకు? అది మీ ఇల్లేమిటి బాబాయిగారూ, మన ఇల్లు."

వియ్యంకుడు కాఫీ కప్పును దూరంగా జరిపాడు. ముసలావిడ ఫోనులో చెప్పింది అక్షరాలా నిజమన్నమాట. పెళ్ళి పదకొండు రోజులుందనగా, పిల్లనిచ్చే పెద్దమనిషి టేపు పట్టుకెళ్ళి ఇల్లు కొలిచొచ్చి, మన ఇల్లు అంటున్నాడు. పైగా బాబాయిగారూ అని వెటకారం.

"అంటే, వాటా అడుగుతారా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీరు పెద్దవారు, ఎలా చెబితే అలా వింటాను," అన్నాడు గీతలాయన కళ్ళు తుడుచుకుంటూ. ఆయన మాట్లాడుతోంది పెళ్ళి గురించి.

"ఇల్లు సంగతి తేలేదాకా పెళ్ళి మాట ఎత్తకండి," అని వియ్యంకుడు లేచి వెళ్ళిపోయాడు. ఆయన మాట్లాడింది ఇంటి గురించి. వియ్యంకుణ్ణి బావగారూ అని పిలవాలో బాబాయిగారూ అని పిలవాలో తేలక గీతలాయన గుమ్మం దాకా సాగనంపను కూడా లేదు.

గురువారం సాయంత్రం కూతురు ఆసుపత్రి నుంచి, చొక్కా మీద దూడ నాకిన మరకతో, తిన్నగా భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది. పెళ్ళికొడుకు రెండు రోజులుగా ఫోనులో ఎటూ తేల్చకుండా మాట్లాడుతున్నాడట. వాళ్ళ నాన్న స్టూడియో మూసి ఇంట్లో కూర్చున్నాడట.

"నాన్నా, నీకు అతనంటే ఇష్టం లేదా? ఉన్న మాట చెప్పు, నేను ఏడవను," అంది. అనేసి ఏడ్చింది.

గీతలాయన రెండు నకళ్ళూ ఆమె ముందు పెట్టి, వేలితో చూపిస్తూ వరసలన్నీ విప్పి చెప్పాడు. ఆమె చాలాసేపు చదివింది. అందులో తప్పు దొరకలేదు.

"ఇది అతనికి చెప్పావా?"

"తమ్ముడికా?"

"నాన్నా."

"నోరు జారిందే తల్లీ."

ఆమె లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గీతలాయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. హాలు వాళ్ళకు కుర్చీలు చెప్పి రమ్మంటే, చెప్పొచ్చి హాయిగా ఇంట్లో కూర్చునేవాడు కదా. ఎవరడిగారు తాత సంగతులు? ఒక ఖాళీ గడి నింపబోయి, కళ్ళెదుట ఉన్న పిల్ల బతుకు ఖాళీ చేశాడు. బల్ల మీది చెట్టును చుట్టి బీరువా వెనక పడేశాడు. మూడు నెలల తర్వాత ఆ రోజు అందరికీ బల్ల మీద భోజనం పెట్టే వీలు దొరికింది, తినేవాళ్ళే లేరు.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వియ్యంకుడు కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. కొడుకు చేతిలో ఉంగరం పెట్టె ఉంది. తిరిగి ఇవ్వడానికి తెచ్చారని ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళు కూర్చునే లోపే వరసలత్తయ్య దిగింది, ఇలాంటప్పుడు పెద్దదిక్కు ఉండాలని. అందరూ గోడ గడియారం చూస్తున్న సమయంలో, చంకలో తువ్వాలు చుట్టిన పెద్ద మూటతో రికార్డుల గుమస్తా గుమ్మంలోకి వచ్చాడు. మనిషి మూడు రోజుల్లో సగమయ్యాడు.

"సార్, మీ పుణ్యమా అని నా సంసారం పోయింది," అన్నాడు.

గీతలాయనకు అర్థం కాలేదు. గుమస్తా రిజిస్టరు మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చెప్పుకొచ్చాడు. బుధవారం నలుగురొచ్చారట నకళ్ళ కోసం, గురువారం తొమ్మిదిమంది. ఎవరికి రాసిచ్చినా ఇల్లు ఏడు, యజమాని ఫలానా. మొగుడూపెళ్ళాలిద్దరు కలిసొచ్చి అన్నాచెల్లెళ్ళయి తిరిగెళ్ళారట. ఆయనదీ ఆయన భార్యదీ కూడా ఆ పల్లే. భయపడుతూనే తన ముత్తాత పేరు మీదికి అట్ట జరిపాడు. ఇల్లు ఏడు. భార్య తాత పేరు మీదికి జరిపాడు. అదీ ఏడే.

"ఈవిడ నాకు మేనత్త అవుతోంది సార్. పోనీ అని నోరు మూసుకుని ఉన్నానా, లేదు, ఇంటికెళ్ళి చెప్పాను. అప్పట్నుంచి పొయ్యి దగ్గరికి రావట్లేదు. పెద్దదాన్ని కదా, నువ్వే వండి పెట్టు అంటోంది. రెండు రోజుల్నుంచి నేనే వండుతున్నాను."

"మేనత్తే అవుతుంది," అంది వరసలత్తయ్య, లెక్క సరిచూసి. "పెట్టాలి మరి."

వియ్యంకుడు మాత్రం తెల్లబోయి కూర్చున్నాడు. ఆ ఫలానా యజమాని ఆయన సొంత తాత. "అంటే ఎంతమంది వాటాకి వస్తారు?" అన్నాడు నీరసంగా.

"వాటా ఏమిటి?" అన్నాడు గీతలాయన.

"మీరేగా అడిగారు."

"నేనెప్పుడు అడిగాను బాబాయిగారూ?"

"ముందు ఆ బాబాయి అనడం మానండి."

అప్పుడే భార్య రాత్రి డ్యూటీ దిగి ఇల్లు చేరింది. గుమ్మంలో ఆరు జతల చెప్పులు, గదిలో ఏడుపుమొహాలు, పెళ్ళికొడుకు చేతిలో ఉంగరం పెట్టె చూసింది. తనకు తెలియకుండా తన ఇంట్లో ఏదో జరిగిందని ఆవిడకు అర్థమైంది. కాళ్ళు కడుక్కుని వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒకరి మాటకొకరు అడ్డం వస్తూ అందరూ చెప్పారు. ఆవిడ చివరిదాకా విని, గుమస్తా ఒళ్ళో మూట వైపు చెయ్యి చాపింది.

"ఇటివ్వండి."

"బయటివాళ్ళు చూడకూడదమ్మా."

"మీ మేనత్తగారికి జీవితాంతం వండిపెడతారా?"

గుమస్తా మూట విప్పాడు. ఆవిడ ఆ అట్ట తీసి అవతల పెట్టి, రిజిస్టరును పుస్తకం చదివినట్టు మొదటి నుంచి చదివింది. ఆ పని పాతికేళ్ళుగా ఎవరూ చేయలేదు. వేలితో లెక్కపెట్టుకుంటూ పేజీ తిప్పింది, మళ్ళీ వెనక్కొచ్చింది.

"ఏడో నంబరు ఇంట్లో పిల్లలు నలభై ముగ్గురు," అంది. "అందులో అయిదేళ్ళవాళ్ళే పదకొండుమంది."

"ఉమ్మడి కుటుంబమేమో," అన్నాడు గీతలాయన.

"ఇంటికి గదులెన్నండీ?"

ఆయన తల వంచుకున్నాడు. "రెండు. పది పన్నెండు."

"పది అడుగులు పన్నెండు అడుగుల గదులు రెండిట్లో నలభై మూడుమంది పిల్లలూ, వాళ్ళ తల్లులూ, తండ్రులూ. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి కాన్పులు చేయిస్తున్నాను. మా వార్డులో కూడా ఇంత రద్దీ ఎప్పుడూ లేదు." అంటూనే ఆవిడ రిజిస్టరు మొదటికి తిప్పి, పుస్తకం అట్ట లోపలి వైపు అంటించిన కాగితం పైకి చదివింది. టీకాలు వేసిన ఉద్యోగి సొంత చేతిరాత అది. "నాకు మోకాలినొప్పి యుండుట చేతను, గ్రామమున కుక్కలు మెండుగా యుండుట చేతను, ఇంటింటికి తిరుగజాలక ఏడవ నంబరు ఇంటి అరుగుపై కూర్చుండి గ్రామమందలి పిల్లలనందరిని అచ్చటికే రప్పించి టీకాలు వేసితిని. కావున అందరికిని ఆ ఇంటి నంబరే వ్రాయబడినది."

ముందుగా గుమస్తాకు ఊపిరి వచ్చింది. "అయితే మా ఆవిడ మా ఆవిడేనా?" అన్నాడు. అవునని నర్సమ్మ తలూపింది. లోపలి గది తలుపు తెరుచుకుంది, కూతురు వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పెళ్ళికొడుకు ఆమెను చూసి, ఉంగరం పెట్టెను మెల్లగా జేబులోకి జారవిడిచాడు. గీతలాయనకు ఒక్కసారిగా అందరినీ కౌగిలించుకోవాలనిపించింది. దగ్గర్లో ఉన్నాడు కాబట్టి గుమస్తాను కౌగిలించుకున్నాడు.

"ఆగండి, ఇంకా ఉంది," అంది భార్య. "ప్రతి వరుసకీ చివర ఒక గడి ఉంది, విశేషములు అని."

"అది మా ఫారంలో ఉండదు," అన్నాడు గుమస్తా కౌగిట్లోంచే.

"వరుస పదహారు, మీ తాతగారు. 'టీకా వేయబోగా నా కుడిచేతి బొటనవ్రేలు కరచి, గోడ దూకి పరారియైనాడు. మూడుమారులు పిలిపించినను రాలేదు.'"

గీతలాయన నోరు వెళ్ళబెట్టాడు. ఎవరి జోలికీ పోని తాతయ్య. వరసలత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ భార్య అక్కడితో ఆగలేదు, వేలు ఇంకో వరుస కిందికి దించింది.

"పదిహేడు, అన్నయ్యగారి నాన్నగారు. 'ఈ బాలుడు మిగుల నెమ్మదస్తుడు. కుడిచేతికి ఇతనిది, ఎడమచేతికి పై వరుస వానిది వేయబడినవి. తెచ్చిన మందు లెక్క సరిపోయినది.'"

వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. మొహంలో రంగులు మారాయి. కోపమొచ్చిందేమోనని గీతలాయన హడలిపోయాడు.

"మా నాన్నకి రెండు చేతులకీ మచ్చలుండేవి," అన్నాడు వియ్యంకుడు నెమ్మదిగా. "చిన్నప్పుడు అడిగితే ఒకటే చెప్పేవాడు: ఒకటి నాది, ఒకటి నాది కాదు. ఇంకేమన్నా అడిగితే నవ్వేవాడు. మేం అది వేదాంతం అనుకున్నాం బావగారూ. ఊళ్ళో పెద్దలు కూడా అలాగే అనుకున్నారు. అర్థం చెప్పించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు."

అని, ఒళ్ళంతా కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు చూసి గీతలాయనకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఇంక ఎవరి వల్లా ఆగలేదు. మీ సూది మా నాన్న పొడిపించుకున్నాడంటే, మీరు మాకు సూది బాకీ అని వియ్యంకుడు, అరుగు మాత్రం మీదే, వాటా అడగనని గీతలాయన, పొట్టలు పట్టుకుని చెప్పుకున్నారు. గుమస్తా రిజిస్టరు మళ్ళీ తువ్వాల్లో చుట్టుకుని తొందర తొందరగా బస్సుకు వెళ్ళాడు. ఆయన భార్య మాత్రం నిజం తెలిశాక కూడా మేనత్త హోదా అంత సులువుగా వదులుకోలేదని, ఆదివారాలు ఇప్పటికీ ఆయనే వండుతున్నాడని తర్వాత తెలిసింది.

పెళ్ళి అనుకున్న రోజునే జరిగింది. కుర్చీలు సరిపోక సగంమంది నిలబడే చూశారు, ఎందుకు సరిపోలేదో గీతలాయన భార్య అందరికీ విడివిడిగా చెప్పింది. గుమ్మంలో వేలాడుతున్న చెట్టు దగ్గర మాత్రం రద్దీ తగ్గలేదు. మొదట్లోని గడిలో తాతయ్య పేరు కింద, గీతలాయన తన అందమైన దస్తూరీతో రాశాడు: "ఆరో ఏట సర్కారు ఉద్యోగి వేలు కరిచాడు." అది చదివిన ప్రతివాళ్ళూ ఆ గడి వైపు ఆప్యాయంగా చూసి, తమ తాతకూ ఇలాంటిదేమైనా ఉందేమో కనుక్కోవాలని అనుకుంటూ లోపలికి వెళ్ళారు. ఫొటో దిగేటప్పుడు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ఆ గడికి చెరోపక్కన నిలబడ్డారు. అరవై ఏళ్ళకు తనకూ ఒక తాత దొరికాడని గీతలాయన ఆ సాయంత్రమంతా కనబడ్డవాళ్ళకల్లా చెప్పుకున్నాడు.

వియ్యంకుడి స్టూడియోలో ఆయన తండ్రి పటం కింద "ఒకటి నాది, ఒకటి నాది కాదు" అని బంగారు అక్షరాల్లో ఉండేది. పెళ్ళయిన వారానికి ఆయన దాన్ని తీయించలేదు గానీ, కింద చిన్న అక్షరాలతో "చూడుడు: టీకాల రిజిస్టరు, వరుస పదిహేడు" అని చేర్పించాడు.